కవి ఆమెను తిడుతున్నాడు

పొడుగు పగలు, సోమవారం

అంచుపేట బడి, ఐదో తరగతి చిట్టా. రాస్తున్నది తెలుగు టీచరు ఉత్పల. ఇక్కడ పగలు రెండు వారాలు, రాత్రి రెండు వారాలు.

ఈ చిట్టా నెలకోసారి కింద భూమ్మీద పరీక్షల కార్యాలయానికి చేరుతుందని నాకు తెలుసు. అక్కడ దీన్నెవరూ తెరవరని కూడా తెలుసు. అందుకే వచ్చినప్పటి నుంచీ "పాఠం జరిగింది, హాజరు పూర్తి" అని రాసి ఊరుకున్నాను. ఇక ఊరుకోను. జరిగింది జరిగినట్టు రాస్తాను. తెరిస్తే చదువుకోండి.

ఈ రోజు ఉపమాలంకారం మొదలుపెట్టాను. అంతకుముందు రోజూ ఉండే పనే. పిల్లలు సొరంగం చివర వరసగా నిలబడి ఒకరి వీపు ఒకరు అయస్కాంతం బ్రష్షుతో దులిపారు. చంద్రుడి దుమ్ము మన వీధుల్లో దుమ్ము లాంటిది కాదు. గాజుపొడిలా కోస్తుంది. అప్పుడే పేలిన టపాకాయ వాసన వేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే మళ్ళీ బయటికి రాదు. దులుపుకోకుండా లోపలికి వచ్చినవాడు గదిలో అందరి ఊపిరీ పాడుచేసినట్టే. కొత్తలో నేనొకసారి అలా వచ్చేస్తే వంటామె గరిటె పట్టుకుని నన్ను సొరంగం దాకా తరిమింది. అంచుపేటలో మనిషిని అనగలిగిన అతి పెద్ద తిట్టు "దుమ్ము మొహం".

పాఠ్యపుస్తకం తెరిచాను. మొదటి ఉదాహరణ: "ఆమె ముఖం చంద్రబింబం వలె ఉన్నది."

కాసేపటికి జల్లు చెయ్యెత్తాడు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఇక్కడ లేనివాటి పేర్లు పెట్టుకుంటారు. నా తరగతిలో జల్లు ఉన్నాడు, ఏరు ఉంది, తుమ్మెద ఉంది, సంపెంగ ఉంది. నన్ను అప్ప అంటారు, అంటే అక్క.

"టీచరప్పా, ఆవిడ దులుపుకోకుండా వచ్చీసిందా?"

గది గదంతా విరగబడి నవ్వింది. వాళ్ళ తప్పేముంది. చంద్రుడంటే వాళ్ళకి కాళ్ళ కింద ఉన్నది. బూడిద, గుంతలు, మళ్ళీ బూడిద.

నవ్వనిది సంపెంగ ఒక్కతే. కిందటేడు పరీక్షలో ఇదే వాక్యం ఇచ్చి "కవి భావమేమి?" అని అడిగారు. సంపెంగ రాసిన జవాబు: "కవి ఆమెను తిడుతున్నాడు." సున్నా వేశారు. ఆ సున్నాతోనే పరీక్ష తప్పింది. లెక్కల్లో ఈ ఊళ్ళో దాన్ని మించినవాళ్ళు లేరు, కానీ భాషలో తప్పితే మీరు లెక్కలు చూడరు.

పరీక్ష రెండుసార్లే రాయనిస్తారు. దానికిది రెండోసారి. నెగ్గితే చంద్రుడి మీది పెద్ద ఊరు నడిబస్తీలో పై చదువు. తప్పితే పదమూడో ఏట తండ్రి వెంట మంచు గుంతలోకి దిగాలి. ఆ గుంత పుట్టాక అందులో ఎండ పడలేదు. అక్కడ మంచు తవ్వితేనే మాకు తాగడానికి నీళ్ళు, పీల్చడానికి గాలి. తవ్వేవాళ్ళకి నలభై దాటేసరికి గొంతు పోతుంది, ఆ తర్వాత చూపు మందగిస్తుంది.

గంట కొట్టాక సంపెంగ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అప్పా, ఈ పాలి ఏటి రాయాలి?"

నీకు అనిపించింది రాయమని చెప్పబోయి నోరు మూసుకున్నాను. కిందటేడు అనిపించిందే రాసింది మరి.

పొడుగు పగలు, బుధవారం

పుస్తకం మూసేశాను. అందులో తామరల్లాంటి కళ్ళు, ఏనుగులాంటి నడక, తుమ్మెదల్లాంటి కురులు ఉన్నాయి. కురుల దగ్గరికి రాగానే తుమ్మెద లేచి "నాలాటి జుట్టా?" అని అడిగింది. హెల్మెట్ల కోసం ఇక్కడ అందరివీ గొరిగిన తలలే. దాని గుండు మీద దీపం మెరిసింది. ఇక ఆ పాఠం సాగదని అర్థమైంది.

"ఊళ్ళోకి పోండి. ఎవరైనా ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి మాట్లాడితే ఆ మాట పట్టుకురండి. సొంతంగా కల్పించకూడదు, వినాలి" అన్నాను.

నీళ్ళు పంచే వేళకి తిరిగొచ్చారు. ఒళ్ళంతా మాటలే. ఏరు తెచ్చింది: "మా నాన్న గొంతు వడగట్టని నీళ్ళలాగుంది." జల్లు తెచ్చింది: "తలుపు పెద్ద గవరయ్య తాత కోపం అయిపోవచ్చిన దీపంలాటిది, ఎలుగుతాది గాని ఏటీ కనపడదు." ఇంకో పిల్లాడు వంటగదిలోంచి పట్టుకొచ్చింది చదవడానికి మొహమాటపడ్డాడు. చదవమన్నాను. "టీచరమ్మ గెంతుతున్న గిన్నెమూతలా నడుస్తాది." వచ్చి రెండేళ్ళయినా నాకు ఈ తేలిక బరువు అలవాటు కాలేదు, అది నిజమే.

వీటిలో దేన్ని దేనితో పోల్చారు, రెండింటిలో కలిసేదేమిటి అని అడిగితే ఒక్కరూ తడుముకోలేదు. గొంతు, నీళ్ళు, గరగర. కోపం, దీపం, ఉత్త వెలుగు. నేను, మూత, చప్పుడు. నిన్నటి దాకా ఈ పిల్లలకి అలంకారాలు రావని కార్యాలయం అంటే నేనూ తలూపాను.

తర్వాత తుమ్మెద తెచ్చినది: "మా తమ్ముడు గాలి లీకు." ఇందులో "లాగా" లేదు. అందుకని ఇది పోలికే కాదని ఏరు వాదించింది.

"పోలికే. కాకపోతే దీన్ని రూపకం అంటారు" అన్నాను. "ఉపమలో ఇది దానిలా ఉంది అంటాం. రూపకంలో ఇదే అది అనేస్తాం. తేడా తెలిసిందా?"

తలలు అడ్డంగా ఊగాయి. నేను మళ్ళీ మొదలుపెట్టేలోపు జల్లు అన్నాడు:

"లాగా అంటే రెండు గదుల మద్దెన తలుపుంది. రూపకంలో తలుపు తీసీసినారు. ఇక రెండు గదులదీ ఒకటే గాలి."

తలుపు తీసెయ్యడం అన్న మాట ఇక్కడ ఎవరూ ఊరికే అనరు.

"ఒక గది లీకైతే రెండోదీ పోద్ది కదా" అంది ఏరు మెల్లిగా.

"అవును" అన్నాను. "అందుకే రూపకం చెయ్యడానికి ధైర్యం కావాలి."

నేను పీజీలో చదివిన అలంకారశాస్త్రంలో ఈ మాట లేదు. ఉండాల్సింది.

పొడుగు పగలు, శనివారం

మీ సందేశం వచ్చింది. ఈసారి పరీక్ష పెట్టడానికి అధికారి స్వయంగా వస్తున్నారట. అంచుపేట ఫలితాలు వరసగా తక్కువగా ఉన్నందున అని కారణం రాశారు. దాంతోపాటు జవాబుల కీ కూడా ముందే పంపారు. అది మీ దయ అని గవరయ్య తాత అన్నాడు.

గవరయ్య అంచుపేటకి తలుపు పెద్ద. ఇక్కడ సర్పంచి, తహసీల్దారు, పోలీసు అన్నీ ఆయనే, ఎందుకంటే బయటి తలుపు తాళం ఆయన దగ్గర ఉంటుంది. కీ చదివించుకుని విని, చెవి గోక్కున్నాడు.

"ముఖం చంద్రబింబం, భావం: అందము. ఒకటే మాట. ఈ మాట కోసమా ఇంత గోల? బట్టీ పట్టించీమ్మా."

"అది అబద్ధం తాతా. వాళ్ళకది అబద్ధం."

"నాను పొద్దస్తమానం అబద్దాలే ఆడతాను. గాలి బాగుందా అని కింద నించి అడుగుతారు. బాగుందంతాను. ఒక మాట ఆడితే పిల్ల బాగుపడతాదంటే ఆడీమను."

ఆయన వెనక సంపెంగ తండ్రి అప్పలసూరి నిలబడి ఉన్నాడు. గుంతలోంచి అప్పుడే వచ్చాడు. గొంతు రావడానికి కొంచెం సేపు పట్టింది.

"టీచరమ్మా, నాకు సదువు నేదు. ఆ కవి ఆవిణ్ణి తిట్టినాడో మెచ్చుకున్నాడో నాకు తెల్దు. నా పిల్ల గుంతలోకి దిగకూడదు. దాని నెక్కలు నువ్వు సూసినావు కదా. అందం అని రాసీమని సెప్పు. నువ్వు సెప్తే వింటాది."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఆయన అడిగింది న్యాయం కావడం మీద.

మధ్యాహ్నం సంపెంగని భోజనాల గదిలో కూర్చోబెట్టాను. ఊరు మొత్తానికి కిటికీ ఉన్నది ఆ గదికే. కిటికీలో భూమి సన్నటి తునకలా ఉంది. ఇక్కడి నుంచి అది ఉదయించదు, అస్తమించదు. పెరుగుతుంది, తరుగుతుంది, అక్కడే ఉంటుంది.

"అందము అని రాయి" అన్నాను.

"అదెలాగ అందం?"

"కింద నుంచి చూస్తే తెల్లగా, గుండ్రంగా కనపడుతుంది. చీకట్లో ఉన్నది అదొక్కటే వెలుగు. చిన్న పిల్లలకి చూపించి అన్నం పెడతారు. నేనూ అలా తిన్నదాన్నే."

"మన దుమ్మునా?"

"మన దుమ్మునే."

చాలాసేపు ఆలోచించింది. అది ఆలోచిస్తే కింది పెదవి లోపలికి పోతుంది.

"అయితే దూరంగా ఉన్నోళ్ళకి అందం."

"అవును."

"మరి కీలో దూరం అని నేదు."

"లేదు."

"దూరం అని రాయకపోతే అది సగం జవాబు కదప్పా. లెక్కలో అయితే సగం మార్కే ఏస్తారు."

కీలో ఉన్నది సగం జవాబని పదకొండేళ్ళ పిల్ల కనిపెట్టింది. ఆ కీ తయారుచెయ్యడానికి మీరు ఎంతమందికి జీతాలిస్తున్నారో నాకు తెలియదు.

"రెండూ చెప్పేశాను" అన్నాను చివరికి. "వాళ్ళకి కావలసింది ఏమిటో తెలుసు. నిజమేమిటో తెలుసు. ఏది రాస్తావో నీ ఇష్టం. తప్పితే గుంత."

"తెలుసు" అంది.

నేను అలా వదిలేసి ఉండకూడదని అప్పలసూరి అంటాడు. కావచ్చు.

పొడుగు రాత్రి, మంగళవారం

అధికారి దిగారు. పేరు ఇందుశేఖరం. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, తలుపు తలుపుకీ నమస్కారం పెట్టారు. ఆయన పేరుకి అర్థం అడిగింది తుమ్మెద. తల మీద చంద్రుణ్ణి ధరించినవాడు అని చెప్పాను. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. జల్లు నిశ్శబ్దంగా పోయి బ్రష్షు తెచ్చి ఆయనకిచ్చాడు.

ఆయన నవ్వుతూ పుచ్చుకున్నారు, ఎందుకిచ్చాడో తెలియకుండానే. ఆ తర్వాత వరసలో ముందున్న సంపెంగ గడ్డం పట్టుకుని అన్నారు:

"చందమామలా ఉన్నావమ్మా."

సంపెంగ మొహం మాడిపోయింది. నీళ్ళ దగ్గరికి పోయి తన వంతు నీళ్ళలో సగం ఒంపుకుని మొహం కడుక్కుంది. అవి మధ్యాహ్నం తాగాల్సిన నీళ్ళు. వంటామె గరిటె కింద పెట్టి "పెద్దమనిసివి, పసిదాన్ని అంత మాట అంతావేటి బావూ" అని నిలదీసింది. ఆయనకి నేను విడమరిచి చెప్పేసరికి చెవులు ఎర్రబడ్డాయి. సంపెంగ దగ్గరికి పోయి క్షమించమన్నారు. అది మంచితనమే. కానీ వెళ్ళి కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న:

"మరి కిందటేడు ఆ జవాబు రాసింది ఈ అమ్మాయేనా?"

"ఈ అమ్మాయే."

"ఇప్పుడర్థమైంది. అయినా కీ కీయే కదమ్మా" అన్నారు.

సాయంత్రం గుంత చూస్తానన్నారు. బయటికి పోవాలంటే ఇక్కడొక పద్ధతుంది. ఇద్దరిద్దరుగా పోవాలి. జతగాడు నీ సూటు తడిమి కీలు కీలూ చూసి "సరే" అంటాడు. ఆ తర్వాత వాడు చేతులు పైకెత్తి నిలబడితే నువ్వు వాడిది చూసి "సరే" అంటావు. రెండు సరేలూ వినపడితేనే గవరయ్య తలుపు తీస్తాడు. అధికారికి అప్పలసూరి జత. ఆయన సూటు అప్పలసూరి చూశాడు. చూడటం అయ్యాక అప్పలసూరి చేతులెత్తి నిలబడ్డాడు.

"నాకివన్నీ తెలియవు. మీరు అనుభవం ఉన్నవారు, మిమ్మల్ని నేను చూడటమేమిటి" అన్నారు ఇందుశేఖరం గారు.

"మొదట్లో ఇక్కడో పెద్ద మేస్త్రీ ఉండేవోడు బావూ" అన్నాడు గవరయ్య తలుపు పక్క నుంచి. "అందరివీ ఆడే సూసేవోడు. ఆడిది సూడ్డానికి ఎవుడికీ దైర్నం నేదు. ఆడి చేతి తొడుగు కీలు కాడ పోయింది. మా కళ్ళముందే పోయినాడు. అందుకని, సూసినోణ్ణి సూడాల. ఎవుడైనా సరే."

అధికారి అప్పలసూరి సూటు కీళ్ళు తడిమారు. నేర్పించుకుంటూ, తప్పులు చేస్తూ. చివర "సరే" అన్నారు. తలుపు తెరుచుకుంది.

ఇదంతా సంపెంగ సొరంగం మూల నుంచి చూస్తోంది. పెదవి లోపలికి పోయి ఉంది.

పొడుగు రాత్రి, బుధవారం

పరీక్ష భోజనాల గదిలో పెట్టారు. కిటికీలో భూమి నిండుగా ఉంది. ఆ నీలం వెలుగు బల్లల మీద పడుతోంది.

ప్రశ్నలు మామూలే. అలంకారం గుర్తించండి, ఉపమానం ఏది, ఉపమేయం ఏది. పిల్లలు చకచకా రాసుకుపోయారు. నేను ఏనుగు మొహం ఎరగని పిల్లల చేత ఏనుగు నడకలో ఉపమానం గుర్తింపజేశాను. అది గర్వంగానే రాస్తున్నాను. చివరి ప్రశ్న మళ్ళీ అదే. ఆమె ముఖం చంద్రబింబం. కవి భావమేమి?

జవాబులు అక్కడే దిద్దాలని నిబంధన. ఊరు ఊరంతా గోడల వెంట నిలబడింది. అప్పలసూరి గుంతకి పోలేదు. ఇందుశేఖరం గారు ఒక్కొక్కటే దిద్దుతూ వచ్చి సంపెంగ జవాబు దగ్గర ఆగి, పైకి చదివారు.

"దూరం నుంచి చూసేవాడికి అందం. దగ్గర ఉన్నవాళ్ళకి దుమ్ము. కవి దూరంగా ఉన్నాడు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని కీ చూశారు.

"మంచి జవాబమ్మా. చాలా మంచి జవాబు. కానీ కీలో ఒక్క మాటే ఉంది. అదనంగా రాస్తే, అందులోనూ విరుద్ధార్థం రాస్తే, మార్కు ఇవ్వకూడదని నిబంధన." ఆయన గొంతు తగ్గింది. "ఒక్క మార్కులో తప్పింది."

అప్పలసూరి గోడకి జారగిలబడ్డాడు. నేను లేచాను. ఏం అనాలో నాకు తెలుసు, అప్పటికే నాలుక మీద ఉంది. కానీ సంపెంగ నాకన్నా ముందు లేచింది. బల్ల కింద నుంచి పలక తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు మీ వంతు బావుగారూ."

"ఏమిటిది?"

"మీరు మమ్మల్ని సూసినారు. మేం మిమ్మల్ని సూడాల."

నేను నేర్పింది కాదిది. ఈ మాట ప్రమాణం చేసి రాస్తున్నాను. పిల్లలు పొద్దున్న తలుపు దగ్గర కూర్చుని ప్రశ్నపత్రం తయారుచేశారట, కీతో సహా.

అధికారి నా వైపు చూశారు. నేను గవరయ్య వైపు చూశాను. గవరయ్య పైకప్పు వైపు చూశాడు.

"పద్దతే కదా బావూ" అన్నాడు.

ఇందుశేఖరం గారు పలక దగ్గరికి లాక్కున్నారు. మూడే ప్రశ్నలు. ఆయన రాస్తుంటే చుట్టూ పిల్లలు మూగారు. "పక్కోడిది సూడకండి" అని జల్లు హెచ్చరించాడు, పక్కన ఎవరూ లేకపోయినా.

దిద్దింది సంపెంగ. పైకి చదువుతూ దిద్దింది, ఆయనలాగే.

"మొదటిది. నాన్న గొంతు వడగట్టని నీళ్ళలా ఉంది. భావమేమి? మీరు రాసింది: స్వచ్ఛము, సహజము."

గుంతకి పోయేవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు, నవ్వితే దగ్గొచ్చింది, ఆ దగ్గే జవాబు. ఆయనకి చెప్పక్కర్లేకపోయింది.

"తప్పు. రెండోది. మా తమ్ముడు గాలి లీకు. మీరు రాసింది: అల్లరివాడు, ఒకచోట నిలవడు. తప్పు. లీకు కనపడదు, వినపడదు. సూసేసరికి గిన్నె ఖాళీ."

తుమ్మెద తమ్ముడు వంటామె చీర వెనక్కి తప్పుకున్నాడు.

"మూడోది. మా అమ్మ భూమి. భావమేమి?" సంపెంగ ఇక్కడ కొంచెం ఆగింది. "మీరు రాసింది: ఓర్పు."

ఈ జవాబు ఆయన తడుముకోకుండా రాశారు. రాస్తున్నప్పుడు మొహంలో ధీమా చూశాను. భూమి అంటే ఓర్పు అని మనకి పాలతో పట్టిస్తారు. నేనూ అదే రాసేదాన్ని.

"తప్పు" అంది సంపెంగ.

"అదెలా తప్పమ్మా? భూదేవంత ఓర్పు అంటాం కదా."

సంపెంగ కిటికీ వైపు చెయ్యి చూపించింది.

"మా అమ్మకి గుండె జబ్బొస్తే కిందకి పంపీసినారు. మరి పైకి రానివ్వరంట. రోజూ తెర మీద కనపడతాది. మాటాడితే దాని మాట ఇక్కడికి రావడానికి కాస్త టైము పడతాది. ఎప్పుడూ కనపడతాది, ఎప్పుడూ అక్కడే ఉంటాది, రాదు. అదీ భావం."

నాకు ఈ సంగతి తెలుసు. పలక మీద ఉందని మాత్రం తెలియదు.

"మీ జవాబు మంచిదే బావుగారూ" అంది సంపెంగ, ఆయన గొంతుతోనే. "కానీ మా కీలో నేదు."

ఆయన పలక మీద తన జవాబులు మళ్ళీ చదువుకున్నారు. తర్వాత ఓ నవ్వు తెచ్చుకున్నారు. మంచి మనసుతోనే అన్నారనుకుంటాను.

"సరే. ఒక పని చేద్దామా? నువ్వు నాకా మార్కు ఇచ్చెయ్యి. నేను నీకిచ్చేస్తాను."

అప్పలసూరి కళ్ళు మెరిశాయి. ఒప్పుకో అని పెదవులు కదిలాయి కూడా. సంపెంగ తండ్రిని చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. అయినా తల అడ్డంగా ఊపింది.

"సూటుకి తేడా ఉంటే బేరం ఆడరు బావుగారూ. సరిసేస్తారు."

"ఏం సరిచెయ్యాలి?"

"కీ."

"కీ మార్చే అధికారం నాకు లేదమ్మా."

"ఓలమ్మ" అన్నాడు గవరయ్య, తాళాల గుత్తి ఒళ్ళోకి తీసుకుని. "అలగైతే, ఇద్దరిలో ఒకరికి తేడా ఉండగా తలుపు తీసే అధికారం నాకూ నేదు. మీ వాహనం రేపు పొద్దున్న కదా బావూ."

నేను ఆపలేదు. కార్యాలయం వారు గమనించాలి. నేను గోడకి చేరబడి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఇందుశేఖరం గారు కిటికీ వైపు తిరిగారు. ఆయనది కింద ఏ ఊరో నేను అడగలేదు. ఆ నీలంలో ఎక్కడో ఉంటుంది. వేలు పెట్టి చూపించమంటే చూపించలేనంత చిన్నది. ఆయన అలా చూస్తూ నిలబడ్డారు, బహుశా మొదటిసారి ఇటు నుంచి అటు చూస్తూ.

వచ్చి కూర్చున్నారు. కీలో "అందము" అన్నదాన్ని కొట్టేశారు. పక్కన రాశారు: "ఎక్కడి నుంచి చూస్తున్నారో చెప్పి రాసిన జవాబుకు పూర్తి మార్కు." కింద సంతకం చేశారు.

సంపెంగ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. తన పలక తీసుకుంది. "ఓర్పు" పక్కన "కింద నించి" అని చేర్చి ఆయనకి మార్కు వేసింది. మిగతా రెండూ తప్పుగానే ఉంచింది.

"ఈ రెండూ నేర్చుకుని మళ్ళీ రాయొచ్చు. రెండుసార్లు రాయనిస్తాం" అని జల్లు ధైర్యం చెప్పాడు.

పొడుగు రాత్రి, గురువారం

పొద్దున్న తలుపు దగ్గర అధికారికి జతగా సంపెంగ నిలబడింది. ఆయన చేతులు పైకెత్తారు. అది ముక్కాలి పీట ఎక్కి మెడ కీలు దగ్గర నుంచి చూసుకుంటూ వచ్చి "సరే" అంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాని సూటు చూశారు. ఈసారి ఒక్క కీలూ వదల్లేదు. "సరే" అన్నారు.

ఇద్దరూ ఒకే వాహనంలో పోయారు. నడిబస్తీ దారిలోనే ఉంది. దిద్దిన కీ, సంతకం ఉన్న ఫలితం సంపెంగ సంచీలో ఉన్నాయి. అప్పలసూరి తలుపు మూసుకున్నాక కూడా అక్కడే నిలబడ్డాడు. దులిపిన సూటునే మళ్ళీ మళ్ళీ దులుపుతూ.

పొడుగు పగలు, సోమవారం

మీ సందేశం అందింది. "అనధికార దిద్దుబాటు చెల్లదు. ఫలితం నిలిపివేయడమైనది. విద్యార్థినిని అంచుపేటకు తిరిగి పిలిపించవలెను. సంబంధిత టీచరు వివరణ ఇవ్వవలెను."

అంటే మొత్తానికి చిట్టాలు తెరుస్తారన్నమాట. సంతోషం.

విద్యార్థినిని పిలిపించమని గవరయ్య తాతకి చెప్పాను. రెండు సరేలు పడి తలుపు దాటినవాళ్ళని వెనక్కి పిలిచే పద్ధతి అంచుపేటలో లేదట. కావాలంటే మీరే వచ్చి, ఆయన ముందు నిలబడి, సూటు చూపించుకుని, ఆ తర్వాత అడగమన్నాడు. నడిబస్తీ నుంచి సంపెంగ కబురు పంపింది. అక్కడి టీచరు తరగతిలో "మనసు అద్దం వంటిది" అన్నారట. ఎవరి అద్దం, దులిపినదా దులపనిదా అని అది అడిగిందట. ఆ ప్రశ్న మీద ఆ పూటంతా పాఠం నడిచిందట.

నా వివరణ ఇది. పిల్లలకి ఉపమలూ రూపకాలూ గుర్తించడం నేర్పమని మీరు జీతమిచ్చి పంపారు. నేర్పాను. గుర్తించడం వచ్చినవాళ్ళు మీ వాక్యాల్లో కూడా గుర్తిస్తారు. అది వద్దనుకుంటే అలంకారాలు నేర్పమని పంపకూడదు.

నన్ను వెనక్కి పిలుస్తారేమో. పిలవండి. ఇక్కడ పదిమంది పిల్లలున్నారు. వాళ్ళకి నేను చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది, వాళ్ళు నాకు చెప్పాల్సింది అంతకన్నా ఎక్కువ ఉంది.

దీనితో పాటు ఐదో తరగతి వారు మీ కార్యాలయం కోసం తయారుచేసిన ప్రశ్నపత్రం జతచేస్తున్నాను. కీ మా దగ్గరే ఉంది. పక్కవాళ్ళది చూడకుండా రాయండి. ఎక్కడి నుంచి చూస్తున్నారో తప్పకుండా రాయండి.

మీరు మమ్మల్ని చూశారు. ఇక మీ వంతు. చేతులు పైకెత్తి నిలబడండి.